గమాక్సిన్ పొడికి ముందు.. బొగ్గు గనుల ఊళ్ళో కుక్క స్నానం

కుక్క ఒంటి మీద పురుగులు పోవాలంటే ఏం చెయ్యాలని గోదావరిఖనిలో ఎవర్నడిగినా తలా ఒక వైద్యం చెప్తారు. ఒకరు వేపాకు అంటారు, ఒకరు కర్పూరం అంటారు, ఇంకొకరు కిరసనాయిలు అంటారు. వీటిల్లో కొన్ని పనిచేస్తాయి, కొన్ని పనిచెయ్యవు, కొన్ని కుక్క ప్రాణం మీదికి తెస్తాయి. ఏది ఏదో తేల్చుకోవాలంటే కాస్త చరిత్ర తిరగెయ్యాలి. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి బగ్గుల చరిత్ర చెప్పడం సాహసమే అనుకోండి :)

ముందుగా ఒక తేడా. మనవాళ్ళు అన్నిటినీ కలిపి గోమార్లు అనేస్తారు. చెవి సందుల్లో, కాలివేళ్ళ మధ్య కరుచుకుని, రక్తం తాగి శనగగింజలా ఉబ్బేవి అసలు గోమార్లు, అంటే పిడుదులు. నేను చెప్పేది వాటి గురించి కాదు. బొచ్చు విడదీస్తే క్షణం కనబడి, పట్టుకోబోతే గెంతి మాయమయ్యే గోధుమరంగు చిన్న పురుగుల గురించి. రెక్కలుండవు, వెనక కాళ్ళ బలంతో గెంతుతాయి. ఎలుకల మీద ఉండే వీటి చుట్టమే ప్లేగుని మోసుకొచ్చిందని 1898లో కరాచీలో పాల్ లూయీ సైమండ్ అనే ఫ్రెంచి డాక్టరు కనిపెట్టాడు. మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన మరుసటి ఏడాదే అది.

అప్పటిదాకా జనం చేతిలో ఉన్న ముఖ్యమైన ఆయుధాలు.. దువ్వెన, నీళ్ళు. దువ్వెన ఎంత పాతదంటే, ఇజ్రాయెల్‌లోని లాకిష్‌లో తవ్వకాల్లో దొరికిన ఏనుగుదంతం దువ్వెన మీద ఒక వాక్యం చెక్కి ఉందని 2022లో బయటపెట్టారు. సుమారు 3700 ఏళ్ళ నాటిది. కనాను లిపిలో మనకి దొరికిన మొట్టమొదటి పూర్తి వాక్యం అదే. అందులో ఉన్న విషయం - ఈ దువ్వెన తలలో, గడ్డంలో పేలని ఊడబెరకాలని! అక్షరమాల నేర్చుకున్న మనిషి రాసుకున్న మొదటి సంగతుల్లో పేల గొడవ ఒకటన్నమాట.

మన వైపు స్నానానికి కుంకుడుకాయ ఉండేది. దీని పని మందు పని కాదు. మామూలు నీళ్ళలో ఈ పురుగు మునగదు, తేలుతుంది. కుంకుడు నురుగులోని సాపోనిన్లు నీటి పైపొర బిగువుని తగ్గిస్తాయి, దాంతో పురుగు మునిగి చస్తుంది. మామూలు సబ్బు చేసే పనీ ఇదే.

ఇక సింగరేణి సంగతి. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1920లో సింగరేణి కాలరీస్ అనే పేరొచ్చింది. గోదావరి ఒడ్డున రామగుండం గనులు పెరిగి గోదావరిఖని ఊరైంది మాత్రం 1960ల నుంచే. చుట్టుపక్కల పల్లెల నుంచి గనుల్లో పనికొచ్చినవాళ్ళు తమతో పాటు పల్లె వైద్యాలూ తెచ్చుకున్నారు. కానీ ఈ ఊరు పుట్టింది సరిగ్గా పొడుల కాలంలో.

డీడీటీ పురుగుల్ని చంపుతుందని 1939లో పాల్ ముల్లర్ కనిపెట్టాడు, 1948లో నోబెల్ వచ్చింది. 1953లో మన దేశంలో మలేరియా కార్యక్రమం మొదలయ్యాక ఇంటింటికీ వచ్చి గోడలకి కొట్టారు. దాని తమ్ముడే గమాక్సిన్. 1825లోనే మైకేల్ ఫారడే తయారుచేసిన రసాయనం అది. పురుగుల మందుగా 1940ల్లో ఇంగ్లండ్‌లోని ఐసీఐ కంపెనీ దాన్ని అమ్మకానికి తెచ్చింది. మన ఇళ్ళల్లో చీమలకీ గమాక్సినే, నల్లులకీ గమాక్సినే, కుక్కకీ గమాక్సినే. చిటికెడు చల్లితే అయిపోయే పనికి ఇంక కుంకుళ్ళు కొట్టేదెవరు?

కుక్క ఒళ్ళు నాకుతుంది కదా.. ఆ పొడి నేరుగా కడుపులోకే పోతుంది. ఒంట్లో కొవ్వులో పేరుకుంటుంది, నరాల మీద పనిచేస్తుంది, మూర్ఛలొస్తాయి. మన దేశంలో గమాక్సిన్ 1997లో నిషేధమైంది. దాని శుద్ధరూపం లిండేన్ తయారీ 2011లో, వాడకం 2013లో ఆగాయి. అంటే ఒక తరమంతా దాంతోనే గడిచిపోయింది.

ఇప్పుడు మళ్ళీ "ప్రకృతి వైద్యం" గాలి వీస్తోంది. మంచిదే, కానీ ప్రకృతి అంటే సాత్వికం అని కాదు. సీతాఫలం గింజల పొడి పురుగుల్ని చంపుతుంది నిజమే, అది కంట్లో పడితే నల్లగుడ్డు పొర పుండవుతుంది. పొగాకు కషాయం అంటే నికోటిన్, విషం. కర్పూరం నాకితే ఫిట్స్ వస్తాయి. వెల్లుల్లి కుక్క రక్తకణాల్ని విరగ్గొడుతుంది. కిరసనాయిలు, పాత ఇంజనాయిలు చర్మాన్ని కాలుస్తాయి. బూడిద మరీ ముఖ్యం. పల్లెల్లో పొయ్యి బూడిద చల్లేవారంటే అది కట్టెల బూడిద. మన దగ్గర 1983 నుంచి కరెంటు తయారుచేస్తున్న ఎన్టీపీసీ పక్కన ఊరికే దొరికేది బొగ్గు బూడిద. అందులో సిలికా, ఆర్సెనిక్ లాంటివుంటాయి. కుక్కకీ, చల్లే మనిషికీ ఊపిరితిత్తులకి చేటు.

మరి వేప? 1959లో సూడాన్‌లో మిడతల దండు అన్నీ తిని వేపచెట్టుని వదిలెయ్యడం జర్మన్ శాస్త్రవేత్త ష్ముటెరర్ చూశాడు. 1968లో అందులోంచి అజాడిరాక్టిన్‌ని వేరుచేశారు. ఇది పురుగుని అక్కడికక్కడే చంపేది కాదు. తిండి మానిపిస్తుంది, ఎదుగుదలని చెడగొడుతుంది. అందుకని వేపాకు కషాయం పోసి సాయంత్రానికల్లా పురుగులు పోవాలంటే కుదరదు. వేపనూనె చిక్కగా పూస్తే కుక్క నాకి జబ్బుపడుతుంది.

అసలు కిటుకు వేరే ఉంది. మీరు కుక్క మీద చూసే పురుగులు మొత్తంలో చిన్న భాగమే. ఆడపురుగు రోజుకి 40, 50 గుడ్లు దాకా పెడుతుంది, అవన్నీ జారి కింద పడతాయి. గుడ్లు, లార్వాలు, గూళ్ళు అన్నీ కుక్క పడుకునే గోనెసంచిలో, గచ్చు పగుళ్ళలో ఉంటాయి. గూట్లో ఉన్నది నెలల తరబడి ఎదురుచూడగలదు. సర్వర్‌లో బగ్గుని వదిలేసి క్లయింట్‌ని రీస్టార్ట్ చేసినట్టే మన వైద్యమంతా.

పాత పద్ధతి ఎందుకు పనిచేసిందో ఇక్కడ అర్థమవుతుంది. దాని బలం ఆకులో లేదు, చాకిరీలో ఉంది. రోజూ ఊడవడం, అలకడం, గోనె ఎండెయ్యడం. పొడి వచ్చి ఆ చాకిరీని మరిపించింది. ఇప్పుడు వేపనూనె సీసాని కూడా మనం గమాక్సిన్ డబ్బాలాగే వాడుతున్నాం.. చల్లామా, మర్చిపోయామా అని.

ఖర్చు లేకుండా చెయ్యాలంటే ఇదీ వరస. ముందు మెడ చుట్టూ నురుగు పట్టించాలి, లేకపోతే పురుగులు ముఖం మీదికి పారిపోతాయి. కళ్ళలో పడకుండా కుంకుడు రసంతోనో కుక్కల సబ్బుతోనో ఒళ్ళంతా తడిపి, ఐదు పది నిమిషాలుంచి కడిగెయ్యాలి. రోజూ పేన్ల దువ్వెనతో దువ్వి, దువ్వెనని సబ్బునీళ్ళలో ముంచాలి. పక్క గుడ్డల్ని వేణ్ణీళ్ళలో ఉతికి ఎండెయ్యాలి. మే నెలలో రామగుండం ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, ఆ పొడి వేడికి లార్వాలు బతకవు. ఉచితంగా దొరికే మందు మనకి అదొక్కటే :) ఇల్లూ పగుళ్ళూ రోజూ ఊడవాలి. ఇలా కనీసం రెండు నెలలు.

పిల్లయినా పెద్దదైనా, చిగుళ్ళు తెల్లబడి ఉంటే మాత్రం ఇవేవీ వద్దు. ఒంట్లో రక్తం అయిపోతోందని అర్థం, ఆ రోజే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. గోమార్లు పట్టి జ్వరమొచ్చినా అంతే. మిగతా కుక్కలకి డబ్బు అక్కర్లేదు, రెండు నెలల ఓపిక కావాలి. మన దగ్గర కరువైంది అదే.