నోవ్‌గొరోద్ బురద దాచిన మధ్యయుగం

రష్యా వాయవ్య భాగంలో, ఇల్మెన్ సరస్సు నుంచి వెలువడే వోల్ఖోవ్ నదికి ఇరుగట్లా విస్తరించిన నోవ్‌గొరోద్ మధ్యయుగాల్లో బొచ్చుతోళ్లు, మైనం వంటి సరకుల వర్తకంతో సంపన్నమైనదే గాని, అక్కడి సంపన్నులను సైతం బురద బాధ విడువలేదు. బంకనేలలో నీరు ఇంకదు కనుక పైన్ దుంగలను నిలువునా చీల్చి, చదును ముఖం పైకి వచ్చేటట్లు వీథుల్లో పరిచేవారు. అవి కూరుకుపోయినప్పుడు తొలగించక, వాటి మీదనే కొత్త వరుస వేసేవారు. 1932లో ఆర్తెమీ ఆర్త్సిఖోవ్‌స్కీ నాయకత్వాన తవ్వకాలు ఆరంభించిన పురావస్తు శాస్త్రజ్ఞులకు ఈ అలవాటు గొప్ప ఉపకారం చేసింది.

1951 నుంచి 1962 వరకు సాగిన నెరెవ్‌స్కీ తవ్వకంలో ఒకే వీథి కింద ఇటువంటి వరుసలు 28 బయటపడ్డాయి. నీటితో నిండిన మట్టిలోకి గాలి చొరబడదు కనుక కుళ్లబెట్టే సూక్ష్మజీవులు బతకలేవు. అందువల్ల కలప చెక్కుచెదరలేదు. చెట్టు ఏటేటా పెంచుకునే వలయాల వెడల్పును బట్టి ఒక దుంగను మరొకదానితో సరిపోల్చి, అది ఏ ఏట నరికినదో తేల్చే వృక్షవలయ కాలనిర్ణయ పద్ధతిని బొరీస్ కోల్చిన్ ఇక్కడ నెలకొల్పడంతో, అడుగు వరుస 953 నాటిదనీ, పై వరుస 1462 నాటిదనీ తేలింది. ఏ రెండు వరుసల నడుమ ఏ వస్తువు దొరికినా దాని కాలం దాదాపు చెప్పగలిగే సౌలభ్యం పురావస్తు శాస్త్రంలో అరుదు.

1951 జూలై 26న ఆ వరుసల మధ్యనే, నీనా అకూలోవా అనే కూలీ చేతికి, అక్షరాలు గీసిన భూర్జపత్రం, అంటే బిర్చ్ చెట్టు బెరడు ముక్క, చిక్కింది. తాటాకు మీద గంటంతో రాసినట్లే, సిరా లేకుండా ఇనుప, ఎముక కొనలతో గీసిన ఇటువంటి లేఖలు నేటికి వెయ్యికి పైగా లభించాయి. రాజులను, మతగురువులను వర్ణించే వృత్తాంతాలు పట్టించుకోని అప్పులు, శిస్తులు, ఇంటి పనుల పురమాయింపులు వీటిలో ఉన్నాయి; రాసినవారిలో స్త్రీలూ ఉన్నారు. 13వ శతాబ్దపు ఓన్ఫీమ్ అనే బాలుడు అక్షరాలు దిద్దుకుంటూ, మధ్యలో విసుగు పుట్టిందో ఏమో, శత్రువును బల్లెంతో పొడిచే రౌతును గీసి పక్కన తన పేరే రాసుకున్నాడు.

ఈ లేఖల్లోని విచిత్రమైన వర్ణక్రమాన్ని తొలుత పండితులు అరకొర చదువుల తప్పులుగా కొట్టిపారేశారు. భాషా శాస్త్రవేత్త ఆంద్రేయ్ జలిజ్న్యాక్ వాటిని ఓపికగా పోల్చి చూసి, ఆ రాతకు తనదైన నియమం ఉందనీ, అందులో వినిపించేది ఇతర స్లావు భాషల్లో మారిపోయిన కొన్ని ప్రాచీన ధ్వనులను నిలుపుకున్న ప్రత్యేక మాండలికమనీ నిరూపించాడు.