గాలిమరలో పుట్టిన ఫార్ములా: జార్జ్ గ్రీన్ కథ

ఇంటర్ ఫిజిక్స్ చదివినవాళ్లకి ఒక ఫార్ములా గుర్తుండే ఉంటుంది: ఈ ఈజ్ ఈక్వల్ టు మైనస్ డీవీ బై డీఆర్. రెండు మార్కుల కోసం బట్టీ పట్టాం, పరీక్ష అయ్యాక వదిలేశాం. అయితే ఇందులో ఉన్న ఆ 'వీ'కి, అంటే పొటెన్షియల్‌కి, ఆ పేరు పెట్టింది ఏ పెద్ద ప్రొఫెసరో కాదు. పిండి ఆడించుకుని బతికే ఒక మనిషి. ఇవాళ ఆయన కథ చెప్పుకుందాం.

ముందు అసలు చిక్కు ఏంటో చూద్దాం. 1785లో ఫ్రాన్స్‌లో కూలుంబ్ రెండు ఆవేశాల మధ్య బలం ఎంతో తేల్చాడు. బాగానే ఉంది. కానీ ఒక లోహపు ముక్క మీద లెక్కలేనన్ని ఆవేశాలు ఉంటాయి. ఒక్కోటి ఒక్కో దిక్కుకి నెడుతుంది, లాగుతుంది. వాటన్నిటినీ దిశలతో సహా కూడాలి. పైగా ఏ ఆవేశం ఎక్కడ సర్దుకుందో మనకి ముందే తెలియదు. మరి క్షేత్ర తీవ్రత కనుక్కునేదెలా?

ఇక్కడ వస్తాడు జార్జ్ గ్రీన్. ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ ఊరు. నాన్న రొట్టెలు కాల్చి అమ్మేవాడు. గ్రీన్ బడికి వెళ్లింది ఏడాది పైచిలుకు, అంతే. తొమ్మిదేళ్లకే పనిలో దిగాడు. తర్వాత నాన్న కట్టించిన గాలిమర పని చూసుకుంటూ, ఊళ్లోని లైబ్రరీలో సభ్యుడిగా చేరి, సొంతంగా గణితం నేర్చుకున్నాడు. 1828లో విద్యుత్తు, అయస్కాంతత్వం మీద ఒక పుస్తకం అచ్చు వేయించాడు. ముందుగా డబ్బు కట్టి కొన్నవాళ్లు 51 మంది. వాళ్లలో అది అర్థమైనవాళ్లు బహుశా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అందులో ఏముంది? లాప్లాస్, పాయిజాన్ లాంటి ఫ్రెంచ్ పండితులు అప్పటికే లెక్కల్లో వాడుతున్న ఒక రాశిని తీసుకుని, గ్రీన్ దానికి పొటెన్షియల్ అనే పేరు పెట్టాడు. ఇది ఉత్త సంఖ్య, దీనికి దిశ ఉండదు. కాబట్టి కూడటం తేలిక. నిశ్చలంగా ఉన్న ఆవేశాలతో నిండిన లోహం ఉపరితలం మీద పొటెన్షియల్ అంతటా ఒకటే. అంచుల దగ్గర ఆ విలువ తెలిస్తే చాలు, మధ్యలో ఖాళీ జాగాలో ఏం జరుగుతుందో లెక్క కట్టొచ్చు.

పొటెన్షియల్ సమానంగా ఉన్న బిందువులన్నీ కలిపితే వచ్చేదే ఈక్విపొటెన్షియల్ తలం. మీ ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి టెర్రైన్ వ్యూలో ఏదైనా కొండని చూడండి. ఒకే ఎత్తుని చూపే గీతలుంటాయి. గీతలు దగ్గరగా ఉన్నచోట కొండ నిట్టనిలువు, దూరంగా ఉన్నచోట వాలు తక్కువ. ఇక్కడా అంతే. ఒక తలం 100 వోల్టులు, పక్కది 80 వోల్టులు అనుకుందాం. మధ్య దూరం 2 మిల్లీమీటర్లయితే, 20ని 0.002తో భాగించండి. సగటున మీటరుకి 10,000 వోల్టులు. అదే దూరం 1 సెంటీమీటరయితే 2,000 మాత్రమే. దిశ? తలం వెంట ఆవేశాన్ని జరిపితే పని జరగదు. అందుకే క్షేత్రం తలానికి లంబంగా, ఎక్కువ పొటెన్షియల్ నుంచి తక్కువ వైపు ఉంటుంది. ఆ మైనస్ గుర్తు చెప్పేది ఇదే.

మరి గ్రీన్ ఏమయ్యాడు? నలభై ఏళ్ల వయసులో, 1833లో, కేంబ్రిడ్జ్‌లో విద్యార్థిగా చేరాడు. 1841లో, 47 ఏళ్లకే పోయాడు. పుస్తకం అప్పటికీ మూలనే పడి ఉంది. 1845లో విలియం థామ్సన్ అనే కుర్రాడి చేతికి దాని కాపీ దొరికింది. తర్వాతి రోజుల్లో లార్డ్ కెల్విన్ అయ్యింది ఈయనే. చదివి ఆశ్చర్యపోయి, ఆ పుస్తకాన్ని జర్మనీలోని క్రెలె గణిత పత్రికలో 1850 నుంచి మూడు భాగాలుగా మళ్లీ అచ్చు వేయించాడు. 1873లో మాక్స్‌వెల్ తన గ్రంథంలో ఈ తలాల బొమ్మలు గీసి చూపించాడు. అప్పటికి గ్రీన్ పోయి 32 ఏళ్లు.

ఆ గాలిమరని బాగుచేశారు. ఇప్పటికీ నాటింగ్‌హామ్‌లో ఉంది. ఈసారి ఆ రెండు మార్కుల ప్రశ్న వచ్చినప్పుడు, రాసే ముందు ఒక్క క్షణం ఆయన్ని తలుచుకోండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.