ఏటిగట్టు - ఊరి కావలి



గోదావరి ధవళేశ్వరమునకు దిగువను గౌతమి, వసిష్ఠ యను రెండు పెద్దపాయలుగా చీలుచున్నది. అందు వసిష్ఠ మన పాలకొల్లు సీమకు తూర్పుగా పాఱి, నరసాపురము నొరసికొని, అంతర్వేదికడ సముద్రమున గలియుచున్నది. మన చేలలోని ఒండ్రు ఈ నది పూర్వపు వరదలలో తెచ్చి పెట్టినదే. కావున వరదతోడి మన పొత్తు నేటిది కాదు.

1832-33 నాటి నందన కఱవును, 1839 నాటి ఉప్పెనయు గోదావరి సీమను కృశింపజేసినవి. పిమ్మట ఆర్థరు కాటను దొర 1847లో ఆనకట్ట నారంభించి 1852 నాటికి ముగించెను. ఆనకట్ట వరదను ఆపునని కొందఱు తలతురు. అది సరికాదు. నీటిని కాలువలకు మళ్లించుట దాని పని. వరద దానిమీదుగా పొర్లిపోయెడిది. నేటి కాటను బారేజి తలుపులను సైతము వరదకాలమున ఎత్తివేయుదురు. ఊళ్లను కాచునది ఏటిగట్టు.

గట్టు లేనినాడు వరదనీరు పలుచగా పొలములపై పఱచుకొని, ఒండ్రు దించి పోయెడిది. పూర్వులు మెఱక చూచి యిండ్లు కట్టుకొనిరి. గట్టు వచ్చిన పిదప నీరు రెండు గట్ల నడుమ ఎత్తుగా నిలువసాగెను; పల్లములందును ఇండ్లు వెలసెను. అందుచే గండిపడిన నాటి కీడు మునుపటికంటె అధికము. 1986 ఆగస్టులో ధవళేశ్వరముకడ 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చి, పలుచోట్ల గట్లు తెగెను. తరువాత గట్లను ఎత్తుచేసి బలపఱచిరి. అయినను 2022 జూలైలో 25 లక్షలకు పైగా వచ్చినపుడు గట్టునకు నదివైపునున్న కనకాయలంక వంటి లంకలు నీట మునిగెను. ఎంత ఎత్తు గట్టయినను లంకవారిని కాపాడజాలదు.

గట్టు పొర్లి తెగుట యొకటి; ఎలుకబొరియ గుండనో, కుళ్లిన వేరు విడిచిన రంధ్రము గుండనో నీరు దూఱి తెగుట మఱియొకటి. ఊరివైపున ఊరు నీరు తేటగా నున్న యెడల కనిపెట్టి యుండవలయును. బురదగా వచ్చెనేని లోపల మట్టి కదలుచున్నదని యెఱుంగవలయును. అపుడు ఊటనోటిని మూయుట తగదు. నీరు వేఱొకచోట పెల్లగించుకొని వచ్చును. ఊట చుట్టును ఇసుకబస్తాలు వలయముగా పేర్చి, అందు నీటిని నిలిపి, దాని వేగమును తగ్గింపవలయును.

భద్రాచలమున 43, 48, 53 అడుగులకు, ధవళేశ్వరమున 11.75, 13.75, 17.75 అడుగులకు వరుసగా మూడు హెచ్చరికలు చేయుదురు. భద్రాచలపు నీరు మనకు చేరుటకు కొంత వ్యవధి గలదు. ఆ వ్యవధియే మన ధనము. మొదటి హెచ్చరికకే లంకలలోని వృద్ధులను, గర్భిణులను, పసిపిల్లలను, పశువులను గట్టు దాటింపవలయును.

గట్టు సర్కారుదే. కాని అర్ధరాత్రి ఊట పుట్టినపుడు దగ్గఱనుండువారు ఊరివారే. కావున ఏటేట తొలకరికి ముందే ఊరివారు గట్టు వెంబడి నడచి బొరియలను గుర్తించి అధికారులకు తెలుపవలయును. గట్టుమట్టిని త్రవ్వనీయరాదు. మురుగుకాలువలలో గుఱ్ఱపుడెక్కను పేరుకొననీయరాదు. అవి పూడినచో గట్టు తెగకయే చేలు మునుగును.

1986 వరదను కన్నులార చూచినవారు నేటికిని మీలో గలరు. నాడు నీరు ఎంతవఱకు వచ్చెనో బడిగోడమీదను, రామమందిరపు గోడమీదను గీత గీయించి, సంవత్సరము వ్రాయింపుడు. ఆ గీతకు దిగువను ఇల్లు కట్టబోవు యువకుడు దానిని చూచి అరుగు ఒక మూర యెత్తు పెంచినను, మీ జ్ఞాపకము ఒక కుటుంబమును కాచినదగును.