గురునానక్ జయంతి – ఒక గుమాస్తా జ్ఞాపకం

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని కార్యదర్శి గారు అడిగారు. నేను చరిత్రకారుణ్ణి కాను. ఉదయగిరి, ఆత్మకూరు ఆఫీసులలో ముప్పయి ఏళ్ళకు పైగా గుమాస్తాగిరీ చేసి రిటైరైనవాణ్ణి. అయినా కార్తీక పౌర్ణమి వచ్చినప్పుడల్లా మనసులో మెదిలే విషయం ఒకటి ఉంది. దాన్నే వ్రాస్తున్నాను.

ఏటా సెలవుల జాబితా టైపు చేసి నోటీసు బోర్డుకు అంటించే పని నాది. అందులో కార్తీక పౌర్ణమి, గురునానక్ జయంతి ఒకే తేదీన ఉండేవి. మా వైపు ఆ రోజంటే ఉపవాసం, శివాలయంలో దీపాలు, ఓపిక ఉన్నవాళ్ళకు భైరవకోన ప్రయాణం. నానక్ గారెవరో మాలో చాలామందికి తెలియదు. "ఎవరైతేనేం సార్, సెలవు సెలవే గదా" అనేవాడు మా డఫేదారు.

గురునానక్ 1469లో లాహోరు ప్రాంతంలోని తల్వండిలో జన్మించారు. ఆ ఊరే ఈనాటి పాకిస్తాన్‌లోని నన్కానా సాహిబ్. ఆయన 1539లో కర్తార్‌పూర్‌లో తనువు చాలించారు. మనకు తెలిసిన లెక్కలో చెప్పాలంటే శ్రీకృష్ణదేవరాయల సమకాలికులు. రాయలు 1514లో మన ఉదయగిరి దుర్గాన్ని గజపతుల నుండి గెలుచుకొని, ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తరలించిన కాలంలో నానక్ దేశసంచారంలో ఉన్నారు. ఆయన పుట్టినది వైశాఖంలోనని పాత జీవితకథలు కొన్ని చెబుతున్నాయి. అయినా జయంతి కార్తీక పౌర్ణమి నాడే స్థిరపడింది. 2003లో సిక్కులు నానక్‌షాహీ క్యాలెండరు తెచ్చి చాలా పర్వదినాలకు స్థిరమైన తేదీలు పెట్టుకున్నప్పుడు కూడా ఈ పండుగను పౌర్ణమికే వదిలారు.

2019లో ఆయన 550వ జయంతి వచ్చింది. నవంబరు 9న కర్తార్‌పూర్ దారి తెరిచారు, 12న జయంతి. నేనప్పుడు హైదరాబాదులో మా అబ్బాయి దగ్గర ఉన్నాను. టీవీలో చూసిన ఉత్సాహంతో అక్కడి ఒక గురుద్వారాకు వెళ్ళాను. తలకు రుమాలు కట్టుకొని లోపలికి పోతే గ్రంథపఠనం, కీర్తనలు జరుగుతున్నాయి. ఆ తర్వాత లంగరు. నేల మీద బారులు తీరి కూర్చున్నాం. నీ కులమేమిటి, నీ హోదా ఏమిటి అని ఎవరూ అడగలేదు. మన ఎ.యస్.పేట దర్గాకు అన్ని మతాలవాళ్ళూ రావడం చూసినవాణ్ణి గనుక నాకు అది పరాయి చోటుగా అనిపించలేదు.

నా పక్కన కూర్చున్న సిక్కు పెద్దాయన చక్కని తెలుగు మాట్లాడారు. ఆశ్చర్యపోయి అడిగితే, 1832లో మహారాజా రంజిత్ సింగ్ నిజాముకు పంపిన లాహోరీ ఫౌజులో తమ పూర్వీకులు వచ్చారని చెప్పారు. నానక్ గారు దక్షిణాదికి వచ్చినప్పుడు బీదరులో మంచినీటి ఊట పుట్టించారని వారి నమ్మకం. 1956 వరకు బీదరు హైదరాబాదు రాష్ట్రంలోనిదే. నేను రిటైరైన గుమాస్తానని తెలిసి ఆయన నవ్వారు. "అయితే మా గురువు గారు మీ డిపార్ట్‌మెంటే సార్" అన్నారు.

నానక్ యువకుడిగా ఉన్నప్పుడు బావగారు జైరామ్ సాయంతో సుల్తాన్‌పూర్‌లో దౌలత్ ఖాన్ లోడీ ధాన్యపు కొట్టులో ఉద్యోగానికి కుదిరారట. ధాన్యం తూచి ఇవ్వడం, లెక్క వ్రాయడం ఆయన పని. ఒకనాడు పన్నెండు దాటి 'తేరా' అనే అంకె దగ్గర ఆగిపోయారు. ఆ మాటకు పదమూడు అనీ, నీది అనీ రెండర్థాలు. అంతా దేవుడిదే అనుకుంటూ 'తేరా, తేరా' అని తూస్తూనే ఉన్నారట. కొట్టు దోచిపెడుతున్నాడని ఫిర్యాదు పోయింది. లెక్కలు తనిఖీ చేస్తే తరుగు లేదు సరికదా, ఆయనకే ఇంకా రావలసి ఉందని తేలింది. ఇది జనమ్ సాఖీలనే జీవితకథలు చెప్పే కథ.

ఆ మాట విన్నాక నాకు ముద్ద దిగలేదు. పనికి ఆహారం పథకం 1977లో మొదలైంది. ఆ రోజుల్లో నేనొక గిడ్డంగిలో స్టాకు రిజిస్టరు వ్రాసేవాణ్ణి. చెరువు పూడిక తీసిన కూలీలకు చేరవలసిన బియ్యంలో పదకొండు బస్తాలు లెక్కకు రాలేదు. "ఎలుకలు, తేమ, తరుగు అని వ్రాసెయ్యవయ్యా" అన్నాడు పైఅధికారి. ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు. నా ప్రొబేషను ఇంకా పూర్తికాలేదు. వ్రాశాను, సంతకం పెట్టాను. ఆడిట్‌లో ఆ పేజీ మీద ఒక్క అభ్యంతరమూ రాలేదు. నలభై ఏళ్ళకు పైగా ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పని సంగతి ఆ రోజు ముక్కూ మొహం తెలియని పెద్దాయనకు చెప్పుకున్నాను.

ఆయన ఓదార్చలేదు, తప్పు పట్టలేదు. "లేవండి సార్, అవతలి బారుకు వడ్డించాలి" అని రొట్టెల బుట్ట చేతికిచ్చారు. కూర్చున్నవాళ్ళు రెండు చేతులూ చాచి రొట్టె అందుకుంటున్నారు. నాకు ఆనాటి కూలీల చేతులు గుర్తుకొచ్చాయి.

కష్టపడి నిజాయితీగా సంపాదించు, పదిమందితో పంచుకొని తిను, దేవుణ్ణి తలచుకో. నానక్ బోధ సారమంతా ఈ మూడింటిలో ఉందని సిక్కులు అంటారు. ఇందులో మొదటిది ఒకచోట తప్పాను. అందుకే రెండోదానితో మొదలుపెట్టాను. ఏటా కార్తీక పౌర్ణమికి ఒక బస్తా బియ్యం ఆత్మకూరులో అన్నదానానికి ఇస్తున్నాను. పదకొండుకు ఇంకా నాలుగు మిగిలి ఉన్నాయి. అవి కూడా ఇస్తే రుణం తీరుతుందని అనను. రిజిస్టరులో ఆ పేజీ అలాగే ఉంటుంది.

మిత్రులారా, మనందరి చేతుల మీదుగా ఎన్నో లెక్కలు నడిచాయి. ఈ కార్తీక పౌర్ణమి నాడు దీపం వెలిగించేటప్పుడు, మనలాగే తూకం పట్టి, లెక్క వ్రాసిన ఆ మహనీయుణ్ణి కూడా ఒక్కసారి తలచుకుందాం. సెలవు.