బోల్టు మీది అంకె: ఒక హస్తకౌశలం చరిత్ర

ఆయుధాల చరిత్రను మనం సాధారణంగా యుద్ధాల చరిత్రలో భాగంగానే చదువుతాము. ఏ తుపాకి ఏ సంవత్సరంలో వచ్చింది, ఏ రణరంగంలో ఎవరికి విజయం చేకూర్చింది అన్న ప్రశ్నలకే మన గ్రంథాలు ప్రాధాన్యమిస్తాయి. ఆ తుపాకిలోని రెండు ఉక్కు భాగాలు ఒకదానికొకటి సరిగా ఆనేటట్లు చేసిన పనివాని చేయి చరిత్రకారుని దృష్టికి అరుదుగా వస్తుంది. దాదాపు ఒక శతాబ్దం పాటు మన దేశంలో సైనికుల, పోలీసుల భుజాలపై నిలిచిన 'త్రీ నాట్ త్రీ' లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలు ఆ చేతిపనికి చక్కని సాక్ష్యం.

రైఫిలులో బోల్టు అనేది తలుపు గడియ వంటిది. తూటాను గొట్టంలోకి నెట్టి, పిడిని కిందికి తిప్పగానే బోల్టుకు ఇరువైపులా ఉన్న లగ్గులనే పొడుచుకు వచ్చిన భాగాలు రైఫిలు చట్రంలోని ఆనుడు తలాల వెనుక చిక్కుకుంటాయి. తూటా పేలినప్పుడు వెనుకకు తన్నే ఒత్తిడినంతా ఈ రెండు లగ్గులే మోయాలి. రెండూ సమంగా ఆనితే ఒత్తిడి సమంగా పంచుకోబడుతుంది. ఒకటి మాత్రమే ఆనితే పేలిన ప్రతిసారీ బోల్టు ఒక పక్కకు వంగుతుంది, చట్రం అసమంగా కంపిస్తుంది, గుళ్ళు గురిచుట్టూ చెదురుతాయి. లీ-ఎన్‌ఫీల్డులో లగ్గులు బోల్టు వెనుక భాగాన ఉండటం వల్ల, వాటికీ తూటాకూ మధ్య బోల్టు పొడవు ఎక్కువై ఈ దోషం మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

దీనిని సరిచేసే విధానం చూడటానికి సులభం. ఫిట్టరు ఆనుడు తలంపై ప్రష్యన్ బ్లూ అనే నీలిరంగును పలుచగా పూసి, బోల్టును మూసి, తిరిగి తీస్తాడు. రంగు అంటిన చోటు ఎత్తైన చోటు. దానిని సానరాతితో ఇసుమంత అరగదీసి మళ్ళీ పరీక్షిస్తాడు. రెండు లగ్గుల మీదా రంగు సమంగా అంటేవరకు ఈ పని సాగుతుంది. కష్టమంతా ఎక్కడ ఆగాలో తెలుసుకోవడంలోనే ఉన్నది. ఆ ఉక్కు గట్టిదనం పైపొరలోనే ఉంటుంది. అధికంగా అరగదీస్తే ఆ పొర పోతుంది, తూటా అడుగుకూ బోల్టు ముఖానికీ మధ్య ఎడం పెరిగి రైఫిలు ప్రమాదకరమవుతుంది. ఇంత శ్రమతో జతపరచిన బోల్టు మరొక రైఫిలుకు సరిపోతుందన్న హామీ లేదు. కనుకనే రైఫిలు సంఖ్యనే బోల్టు మీద కూడా ముద్రించేవారు.

ప్రతి తుపాకీ ఒక విడి వస్తువుగా ఉండటం పాలకులకు ఏనాడూ రుచించలేదు. 1785లో ఫ్రాన్సులో హొనోరే బ్లాంక్ అనే తుపాకుల నిర్మాత భాగాలను కలగలిపి, చేతికందిన వాటితో తుపాకి యంత్రాంగాలను బిగించి చూపాడు. అప్పుడు అక్కడ అమెరికా రాయబారిగా ఉన్న థామస్ జెఫర్సన్ ఆ విషయాన్ని స్వదేశానికి రాశాడు. ఇంచుమించు ఆ కాలంలోనే హైదరాబాదులో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగుల కార్ఖానా నెలకొల్పాడు. నేటి గన్‌ఫౌండ్రి ప్రాంతానికి ఆ పేరు దాని వల్లనే వచ్చింది. అది పూర్తిగా చేతిపని యుగానికి చెందినది. బ్లాంక్ ఆశయం యంత్రాలపై నిజంగా ఫలించింది అమెరికా ఆయుధశాలలలో. 1851 లండను మహాప్రదర్శనలో అమెరికా రైఫిళ్ళను చూసిన బ్రిటిషువారు ఆ దేశపు యంత్రాలను తెప్పించి ఎన్‌ఫీల్డు కర్మాగారాన్ని పునర్నిర్మించారు. 1857 తిరుగుబాటులో తూటాల కొవ్వు వివాదానికి కారణమైన రైఫిలు ఆ ఎన్‌ఫీల్డు పేరుతోనే మనకు పరిచయం.

హుగ్లీ తీరాన ఇచ్ఛాపూర్‌లో 18వ శతాబ్ది చివర మందుగుండు కార్ఖానా వెలసిన చోటనే 1904లో రైఫిలు కర్మాగారం స్థాపించారు. 1907 నాటి మార్క్ మూడు నమూనా అక్కడ దశాబ్దాల పాటు తయారైంది. 1962 చైనా యుద్ధానంతరం సైన్యం స్వయంచాలిత రైఫిళ్ళ వైపు మళ్ళినా, 1960లలో ఇదే నమూనాను 7.62 మిల్లీమీటర్ల తూటాకు అనువుగా మరింత దృఢమైన ఉక్కుతో ఇచ్ఛాపూర్ మలచింది. యంత్రాలు ఎంత వచ్చినా చివరి సర్దుబాటు మిగిలే ఉంది. ఇంగ్లండులో రూపొందిన నాలుగవ నంబరు రైఫిలుకు బోల్టు తలలను సున్నా నుంచి మూడు వరకు నాలుగు కొలతలలో తయారుచేసి, సరిపోయేదానిని ఎంచి బిగించేవారు. చేతితో అరగదీసే పనిలో కొంతభాగం ఈ విధంగా ఎంపికగా మారింది.

ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్ళలో ఒక జిల్లా ఆయుధాగారం తనిఖీకి వెళ్ళిన బృందంలో నేనూ ఉన్నాను. రిజిస్టరు ప్రకారం నలభై రైఫిళ్ళు, నలభై బోల్టులు. లెక్కించాము, సరిపోయాయి. నేను నమోదు చేస్తుండగా వయసు మళ్ళిన ఆర్మరరు ఒక బోల్టు పిడి మీది అంకెను వేలితో చూపి, "సార్, లెక్క కుదిరిందండి, జతే కుదరలేదు" అన్నాడు. ఎన్నడో శుభ్రపరచిన రోజున బోల్టులు కలగలిసిపోయాయట. శిక్షణలో కుర్రాళ్ళ గుళ్ళు గురి తప్పుతున్నాయని ఫిర్యాదులు వస్తే, తప్పు కుర్రాళ్ళదేనని రాసుకున్నారట. ఆ సాయంత్రం ఆయన అంకెలు చూసి ఒక్కొక్క బోల్టునూ దాని రైఫిలుకు చేర్చాడు. జత దొరకని మూడింటికి నీలిరంగు పూసి చూసి, రెండింటిని పనికివస్తాయని, ఒకదానిని వాడరాదని తేల్చి పక్కన పెట్టాడు.

నా నివేదికలో 'సంఖ్య సరిపోయినది' అని రాశాను. ఆయన చేసిన పని రాయడానికి నమూనా పత్రంలో గడి లేదు. అదనపు కాగితం జోడించాలన్న ఆలోచన అప్పుడు నాకు రాలేదు. చరిత్ర చదివినవాడినై ఉండీ ఆయనకు ఈ విద్య ఎవరు నేర్పారని కూడా అడగలేదు.

2020 గణతంత్ర దినోత్సవాన ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీ నాట్ త్రీకి లాంఛనంగా వీడ్కోలు పలికారు. 2021లో ఆయుధ కర్మాగారాల మండలి రద్దై, ఇచ్ఛాపూర్ కర్మాగారం ఒక ప్రభుత్వ రంగ సంస్థలో భాగమైంది. రైఫిళ్ళు ప్రదర్శనశాలలకు చేరుతాయి, వాటి సంఖ్యలు రిజిస్టర్లలో ఉంటాయి. రంగు ఎంత పలుచగా పూయాలో, చేయి ఎక్కడ ఆపాలో తెలిసిన వారు మాత్రం విశ్రాంత ఉద్యోగులుగా ఊళ్ళలో ఉన్నారు. వారి మాటలను వారి సొంత భాషలలో నమోదు చేయించడం ప్రదర్శనశాల నిర్మాణమంత ఖర్చుతో కూడిన పని కాదు. అయితే అది వారు జీవించి ఉండగానే జరగాలి.