పిల్లలు నిజంగా మరిచిపోయారా?

పోయిన ఆదివారం నేర్పిన గుణింతం ఈ ఆదివారానికి గుర్తుండట్లేదని మనందరం బాధపడతాం. పిల్లల్ని విసుక్కునే ముందు ఈ కథ చదవండి.

మనసు గురించిన చర్చ చాలాకాలం తత్వశాస్త్రంలోనే సాగింది. 1879లో విల్‌హెల్మ్ వుంట్ జర్మనీలోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో ప్రయోగశాల పెట్టడంతో సైకాలజీ విడి శాస్త్రంగా నిలబడింది. సరిగ్గా ఆ రోజుల్లోనే హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే మరో జర్మన్ పండితుడు జ్ఞాపకాన్ని కొలవడానికి పూనుకున్నారు. ప్రయోగం తనమీద తనే చేసుకున్నారు. అర్థంలేని అక్షరాల కూర్పులు సుమారు 2,300 తయారుచేసి, వాటిని వరసలుగా వల్లెవేసేవారు. కొన్నాళ్ళాగి, అదే వరస మళ్ళీ నేర్చుకోవడానికి ఎంత సమయం తగ్గిందో లెక్కకట్టేవారు. ఫలితాలు 1885లో పుస్తకంగా వచ్చాయి.

ఒక్క రోజు ఆగితే ఆదా అయ్యే సమయం దాదాపు మూడోవంతే. ఆరు రోజులకి నాలుగోవంతు, నెలకి ఐదోవంతు. అంటే మరుపులో ఎక్కువ భాగం మొదటి రోజే. కానీ పూర్తిగా పోయింది అనుకున్నదాంట్లో కూడా ఎంతో కొంత మిగిలే ఉంటుంది.

అందుకే తల్లిదండ్రులారా, ఆదివారం పాఠాన్ని శనివారం రాత్రి కాకుండా సోమవారమే ఐదు నిమిషాలు చదివించండి. టీచర్లూ, "మళ్ళీ మొదటికొచ్చాం" అనకండి. పిల్లలు మొదటికి రాలేదు.