జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంత చారిత్రక స్థలాలు

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ప్రధానంగా పూర్వపు వరంగల్ జిల్లా భూభాగంతో 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. ఓరుగల్లు కోటను, రామప్ప దేవాలయాన్ని చూసి వెనుదిరిగే యాత్రికులకు ఈ మూడు జిల్లాలలోని స్థలాలు అంతగా పరిచితం కావు. రాజధానికి వెలుపల ఉన్న గ్రామాలలో నీటి వనరులు, ఆలయాలు, సాహిత్యం ఎట్లా వర్ధిల్లాయో తెలుసుకొనుటకు ఇవి ముఖ్యమైన ఆధారాలు.

చూడదగిన ప్రదేశాలు

జనగామ జిల్లా

పాలకుర్తి: ద్విపద కావ్యమైన బసవపురాణాన్ని రచించిన పాల్కురికి సోమనాథుని స్వగ్రామం. ఇక్కడి గుట్టపై సోమేశ్వర, లక్ష్మీనరసింహ ఆలయాలు ఉన్నాయి. పాలకుర్తి మండలంలోనిదే బమ్మెర గ్రామం. ఇది పోతన స్వగ్రామంగా ప్రసిద్ధి చెందినది. పోతన కడప ప్రాంతంలోని ఒంటిమిట్టకు చెందినవాడన్న వాదన కూడా ఉన్నది.

ఖిలాషాపురం: మొగలు అధికారాన్ని ఎదిరించి 1710లో మరణశిక్షకు గురైన సర్వాయి పాపన్న కోట ఇక్కడ ఉన్నది.

పెంబర్తి: ఇత్తడి, కంచు రేకులపై నగిషీ పనికి పేరుపొందిన గ్రామం. హైదరాబాదు - వరంగల్ రహదారిపై, జనగామ సమీపంలో ఉన్నది.

మహబూబాబాద్ జిల్లా

కురవి: వీరభద్రస్వామి ఆలయం ప్రసిద్ధం. నన్నయకు పూర్వపు తెలుగు గద్యానికి నిదర్శనంగా సాహిత్య చరిత్రకారులు పేర్కొనే కొరవి శాసనం ఈ ఊరిదే.

బయ్యారం: ఇక్కడి చెరువును గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించినది. చెరువు శాసనంలో కాకతీయుల వంశక్రమం చెక్కబడి ఉన్నందున రాజవంశ చరిత్రకు ఇది మూలాధారాలలో ఒకటి. శాసనాన్ని చదువని యాత్రికునికి ఇది ఒక చెరువు మాత్రమే.

డోర్నకల్: తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు వి.ఎస్. అజరయ్య నిర్మింపజేసిన చర్చి 1939లో ప్రతిష్ఠింపబడినది. హిందూ, ముస్లిం, క్రైస్తవ నిర్మాణ రీతులు ఇందులో కలిసిపోయాయి. దక్షిణ స్పెయిన్‌లోని కార్డోబా నగరంలో మసీదు స్తంభాల నడుమ చర్చి వెలసినది. అక్కడ ఒక మతం తరువాత మరొకటి వచ్చి కట్టగా, ఇక్కడ ఒకే నిర్మాణంలో మూడు రీతులను కోరి చేర్చారు.

జయశంకర్ భూపాలపల్లి జిల్లా

గణపురం కోటగుళ్ళు: కాకతీయ గణపతిదేవుని (పాలన 1199-1262) కాలపు ఆలయ సముదాయం. రాతి ప్రాకారంలో ప్రధాన శివాలయం, దాని చుట్టూ ఉపాలయాలు, మండపాలు కలిపి 22 కట్టడాలు ఉన్నట్లు చెబుతారు. మనుష్యదేహం, సింహముఖం గల ఆకృతులు ఏనుగులపై నిలిచినట్లున్న గజకేసరి శిల్పాలు ఇక్కడి ప్రత్యేకత. పలు ఉపాలయాలు శిథిలమయ్యాయి. సుమారు 10 కి.మీ. దూరంలోని రామప్ప దేవాలయం (ప్రస్తుతం ములుగు జిల్లా) 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరగా, దాదాపు అదే కాలపు కోటగుళ్ళకు అటువంటి గుర్తింపు లేదు. రామప్పకు వెళ్ళేవారు మరొక పూట కేటాయిస్తే రెండింటినీ పోల్చి చూడవచ్చును.

కాళేశ్వరం: గోదావరి, ప్రాణహిత నదుల సంగమ స్థానం. ముక్తేశ్వరాలయంలో ఒకే పానవట్టంపై రెండు లింగాలు ఉండుట విశేషం.

వసతి, రవాణా

మూడు జిల్లాలకూ హనుమకొండ అనువైన విడిది. అన్ని తరగతుల హోటళ్ళు ఇక్కడ లభిస్తాయి. ఒక్కొక్క జిల్లాకు ఒక్కొక్క రోజు కేటాయించుట మేలు. జనగామ సికింద్రాబాదు - కాజీపేట రైలు మార్గంలోను, మహబూబాబాద్, డోర్నకల్ కాజీపేట - విజయవాడ మార్గంలోను ఉన్నాయి. భూపాలపల్లి వైపు బస్సులో గాని సొంత వాహనంలో గాని వెళ్ళవలెను. కాళేశ్వరంలో రాత్రి బస చేయదలచిన వారికి దేవస్థానం గదులు ఉన్నాయి. వేసవి ఎండలు తీవ్రంగా ఉండుటచేత, చెరువులు నిండి ఉండే అక్టోబరు - జనవరి మాసాలు సందర్శనకు అనుకూలం.